చెక్క కాదన్నా, పెయింటే

కువైట్‌లో పాత కార్లు బాగుచేసే గ్యారేజీలో పెయింటర్‌గా చేస్తా ఉండా, మాది చిత్తూరు, పని నేర్చుకునింది వేలూరు రోడ్డు షెడ్డులో. లీవుకి వస్తే అందరూ అడిగేది జీతం, అకామా (అక్కడ ఉండేదానికి పర్మిట్), ఎండ, నాకేమో ఒక కారు గురించి చెప్పాలని ఉంటాది.

ఫాసెల్ వేగా, ఫ్రాన్స్‌ది. జాన్ డానినోస్ కంపెనీ. ముందు సిమ్కా, ఫోర్డ్ లాంటి కార్ల కంపెనీలకి బాడీలు చేసిచ్చేవాళ్లు, 1954లో సొంత కారు దింపినారు, బాడీ వీళ్లది, ఇంజన్ అమెరికా క్రైస్లర్ కంపెనీ వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. పదేళ్లలో అన్ని మోడళ్లూ కలిపి మూడు వేలు కూడా కాలేదు. నోబెల్ వచ్చిన రచయిత అల్బేర్ కామూ 1960 జనవరి 4న యాక్సిడెంట్లో పోయింది ఈ కార్లోనే, చాలామందికి గుర్తుండేది అదే.

నాకు మాత్రం డాష్‌బోర్డు. మా దగ్గరికి వచ్చింది వీళ్ల హెచ్‌కే500 మోడల్, చూస్తే మంచి వాల్‌నట్ చెక్క అనుకుంటారు ఎవురైనా, తట్టితే టంగుమంటాది, రేకు! రేకు మీద గీతలు, ముడులు అన్నీ పెయింటే, చేత్తో వేసింది. చిత్తూర్లో ఇనప తలుపులకి, బీరువాలకి మేము టేకు డిజైన్ కొడతాం కదా, అదే పని అబ్బా! అడుగు రంగు ఆరినాక ముదురు రంగు పూసి, తడి ఉండంగానే బ్రష్షు లాగాల, మధ్యలో చెయ్యి ఆగిందంటే ఆ గీత చెడినట్టే. ఓనరేమో నిజం చెక్క అతికించమన్నాడు. నేను ఫోర్‌మన్‌తో గట్టిగానే చెప్పినా, వద్దన్నా, ఈ కారుకి ఒరిజినలంటే పెయింటే, చెక్క పెడితే కారు విలువ పోతాదని. ఒప్పుకున్నారు, పెచ్చు లేచిపోయిన మూల నేనే వేసినా, పాత గీతతో కలిసేదాకా వదల్లేదు.

మా అక్క కొడుకు అడిగినాడు, అంత బాగా చేసేటోళ్లు ఎట్లా మూసేసినారు మామా అని. 1960లో ఫాసెలియా అని చిన్న కారు తెచ్చినారు, ఎక్కువ అమ్ముదామని, దానికి 1.6 లీటర్ ఇంజన్ పొంతామూసోన్ అనే కంపెనీతో కొత్తగా చేయించినారు, అందులో పిస్టన్లు కాలిపోయేవి. వారంటీ కింద ఇంజన్లు మార్చి మార్చి డబ్బులు అయిపోయినాయి, తర్వాత వోల్వో ఇంజన్ పెట్టినా జనానికి నమ్మకం కుదరలేదు, 1964లో మూత. బాడీ వంచినోళ్లది తప్పు కాదు, ఆ రేకుని చెక్క చేసిన పెయింటర్లది అసలే కాదు, పని పోయింది మాత్రం వాళ్లకీ కదా, అది తలుచుకుంటే నాకు ఇప్పుటికీ కోపమొస్తాది.