బడిలో పెగలని గొంతు

2009 ఆగస్టులో, నాకు ఎనిమిదేళ్లప్పుడు, నాన్న ఉద్యోగం కోసం మేము హనుమకొండ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కు వెళ్లాం. సెప్టెంబరులో బడి మొదలైన రోజు నుంచి మరుసటి ఏప్రిల్ వరకు నేను ఆ బడిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికి వచ్చానంటే తమ్ముడితో గొడవపడేదాన్ని, ఇల్లు ఎగిరిపోయేలా పాటలు పాడేదాన్ని. పొద్దున బస్సు మా వీధి మలుపు తిరుగుతుండగానే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టయి నాలుక అంగిలికి అతుక్కుపోయేది. మాట్లాడకూడదని నేను పంతం పట్టలేదు. మాట వచ్చేది కాదు.

చాలాకాలం దాన్ని ఎవరూ జబ్బు అనుకోలేదు. కొత్త కదా, ఇంగ్లిషు అదే వస్తుందని నాన్న అన్నారు. టీచరు నన్ను నెమ్మదైన పిల్లనని మెచ్చుకున్నారు. నిజానికి కొత్త భాష మధ్యకు వచ్చిన పిల్లలు కొన్ని నెలలు మౌనంగా ఉండడం సహజమే. అయితే ఆ పిల్లలు సైగలు చేస్తారు, ఆటల్లో కలుస్తారు, తమ భాష తెలిసినవాళ్లు దొరికితే గలగలా మాట్లాడతారు. మా తరగతిలో విజయవాడ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడుండేవాడు. అతడు తెలుగులోనే పలకరించినా నేను తల వంచుకునేదాన్ని. తేడా అక్కడే ఉందని ఇప్పుడు నాకు తెలుసు.

ఒంట్లో మాత్రం అన్నీ బయటపడుతూనే ఉన్నాయి. రోజూ పొద్దున కడుపునొప్పి వచ్చేది, శని ఆదివారాల్లో రాదు. బాత్రూముకు వెళ్లాలంటే టీచరును అడగాలి. అడగలేను కనుక పొద్దున లేచింది మొదలు నీళ్లు తాగడం మానేశాను. అమ్మ ఇచ్చిన సీసాలో నీళ్లు అలాగే ఉండేవి. అమ్మ కోప్పడుతుందని బస్సు దిగగానే వాటిని చెట్టు మొదట్లో పారబోసేదాన్ని. ఆ చలికాలంలో రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. మందులిచ్చారు, తగ్గింది, బడిలో నీళ్లు తాగుతున్నావా అని మాత్రం ఎవరూ అడగలేదు.

బడిలో కౌన్సెలర్ రెండుసార్లు మా ఇంటి ఫోనుకు మెసేజ్ పెట్టారు. అమ్మకు ఇంగ్లిషు అంతగా రాదు కనుక అర్థం చెప్పవలసిందాన్ని నేనే. "ఏమంటున్నదే ఆమె?" అని అమ్మ అడిగితే, "పిక్నిక్ గురించమ్మా" అన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల మీద ఆ భారం పెట్టకూడదు. తల్లిదండ్రులకు తెలిసిన భాషలోనే విషయం చెప్పాల్సిన బాధ్యత అక్కడి ప్రభుత్వ బడులకు 1964 నాటి పౌరహక్కుల చట్టం కింద అప్పటికే ఉంది. నా విషయంలో అది మార్చిలో గానీ జరగలేదు. ఆ రోజు స్పీకర్ ఫోనులో ఎక్కడినుంచో ఒక తెలుగావిడ గొంతు వినిపించింది: "అమ్మా, మీ పాప ఈ బడిలో ఇంతవరకూ ఒక్క మాటైనా మాట్లాడలేదని చెబుతున్నారండీ. ఇంట్లో ఎలా ఉంటుందని అడుగుతున్నారు." అమ్మ నన్ను ఏమీ అనలేదు. నా చెయ్యి తన ఒళ్లోకి తీసుకుని, ఆ ఫోను వైపే చూస్తూ చాలాసేపు మాట్లాడింది.

పిల్లల మానసిక వైద్యురాలు దీన్ని సెలెక్టివ్ మ్యూటిజం అంటారని, ఇది మొండితనం కాదు, భయంతో గొంతు బిగుసుకుపోవడమని చెప్పారు. బతిమాలడం, బహుమతుల ఆశపెట్టి "ఒక్కమాట అను" అనడం అందరూ మానాలన్నారు. ఆ తర్వాత వారానికి రెండు రోజులు, పిల్లలంతా వెళ్లిపోయాక, అమ్మ ఖాళీ తరగతి గదికి వచ్చేది. నేల మీద చార్టు పరచుకుని నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా ఆడేవాళ్లం. మొదట్లో పెదవులు మాత్రమే కదిలాయి. నాలుగోసారికి "చెమ్మా" అని అమ్మకు వినపడేలా అన్నాను. అప్పుడు కౌన్సెలర్ తలుపు బయట కూర్చోవడం మొదలుపెట్టారు. మరో వారానికి తలుపు లోపల, ఆ తర్వాత కిటికీ దగ్గర, చివరికి మా చార్టు పక్కన. నా వైపు చూడకుండా గవ్వలు వేసేవారు. "అష్టా" అనడం మాత్రం ఆవిడకు అస్సలు కుదిరేది కాదు. నేను సరిదిద్దాను. ఆ బడిలో పరాయివాళ్లతో నేను అన్న మొదటి మాట అదే.

పూర్తిగా తేరుకోవడానికి మరో ఏడాదిన్నర పట్టింది. 2019లో కాలేజీ హాస్టలుకు వెళ్లిన మొదటి వారం గొంతు మళ్లీ బిగుసుకుంది. మూడో రోజున కౌన్సెలింగ్ సెంటరుకు నడిచి వెళ్లి, జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చి, కుర్చీలో కూర్చుని నీళ్లడిగాను.