రానుపోను టికెట్ లేకుండా బయలుదేరిన రోజు

నెల్లూరులో మా పిన్ని, ఇంట్లో ఎవరు ప్రయాణమైనా గుమ్మం దగ్గర ఒక మాట సరిచేస్తుంది. "పోతా అనబాకురా, పోయొస్తా అను" అంటుంది. 2025 ఫిబ్రవరిలో కౌలాలంపూర్‌కు బయలుదేరిన నాడు కూడా అలాగే అనిపించుకుని చెన్నై పోయే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను గాని, నా దగ్గర ఉన్నది మాత్రం పోయే టికెట్ ఒక్కటే.

అలా కొనడానికి నాకు కారణం ఉంది. మలేషియాలో వారం రోజులు తిరిగి, రైలులో ఉత్తరపు సరిహద్దున ఉన్న పాడాంగ్ బెసార్ చేరి, అక్కడి నుంచి థాయిలాండ్‌లోకి దాటి, మనసైనన్నాళ్ళు ఉండి బ్యాంకాక్ నుంచి తిరిగి రావాలనుకున్నాను. 2023 డిసెంబరు 1 నుంచి మలేషియా మనవారిని 30 రోజుల వరకు వీసా లేకుండా రానిస్తోంది; థాయిలాండ్‌లో నేను బయలుదేరేనాటికి ఆ గడువు, 2024 జూలై నుంచి, 60 రోజులు. వీసాయే అక్కరలేనప్పుడు ఇక అడిగేవారెవరని ధీమాగా ఉన్నాను. నిజానికి వీసా కావలసిన దేశానికి దరఖాస్తు పెట్టేటప్పుడు అడిగే ప్రశ్నలే, వీసా అక్కరలేని దేశానికి విమానం ఎక్కే ముందు ఎదురవుతాయి.

మధ్యాహ్నం చెన్నై సెంట్రల్‌లో దిగి, మెట్రోలో విమానాశ్రయం చేరి, రాత్రి విమానానికి సాయంత్రం నుంచే కాచుకుని, కౌంటర్ తెరవగానే వరుసలో ముందు నిలబడ్డాను. మలేషియా చేరే ముందు మూడు రోజుల లోపల నింపవలసిన డిజిటల్ రాక పత్రం, హోటల్ కాగితం రెండూ చూసిన అమ్మాయి, "తిరుగు టికెట్ చూపించండి సార్" అంది. రైలులో దాటిపోతానని చెప్పాను. ఆ రైలు టికెట్ అయినా చూపించమంది. అదీ లేదు.

ఆమె మీద నాకు కోపం వచ్చిన మాట వాస్తవమే. తరువాత ఆలోచిస్తే ఆమె చేసినది సబబే. ఏ దేశానికి ఏ పాస్‌పోర్టువారు ఏమేమి చూపాలో చెప్పే టిమాటిక్ అనే సమాచార నిధిని అంతర్జాతీయ విమాన రవాణా సంఘం నడుపుతుంది, కౌంటర్‌లోని వారు దానిని బట్టే నడుచుకుంటారు. అవతలి దేశం ప్రయాణికుణ్ణి లోపలికి రానివ్వకపోతే అతన్ని వెనక్కి తీసుకుపోవలసిన బాధ్యత తీసుకొచ్చిన విమాన సంస్థదే, చాలా దేశాలలో పైన జరిమానా కూడా పడుతుంది. అందువల్ల అక్కడి అధికారి అడుగుతాడో అడగడో తెలియని ప్రశ్నను ఇక్కడి ఉద్యోగి తప్పకుండా అడుగుతుంది. "మా బావమరిదిని ఎవరూ అడగలేదు" అని ధైర్యం చెప్పే మిత్రులు మనకు కొదవ లేదు. ఆ బావమరిది పూచీ కౌంటర్ దగ్గర చెల్లదు.

వరుస పక్కకు వచ్చి ఫోన్ తీశాను. కౌలాలంపూర్ నుంచి సింగపూర్‌కు బస్సు టికెట్ అన్నిటికంటే చౌక. కాని సింగపూర్‌కు మనకు వీసా కావాలి, అది నా దగ్గర లేదు. తరువాత పోతానని చూపే దేశంలోకి మనకు ప్రవేశం ఉంటేనే ఆ టికెట్‌కు విలువ. పాశ్చాత్య యాత్రికులు ఇచ్చే చిట్కాలు మన పాస్‌పోర్టుకు సగం పనికిరానిది ఇందుకే. కొద్ది రుసుముకు నాలుగు రోజులు నిలిచే రిజర్వేషన్ చేసిపెట్టే వారు ఉంటారు. అందులో నిజమైన పీఎన్ఆర్ ఉండవచ్చు, లేదా పేరు మార్చి అతికించిన ఉత్త కాగితమే కావచ్చు. రెండోది పట్టుబడితే అది దొంగ పత్రం చూపిన నేరమవుతుంది. చివరకు కౌలాలంపూర్ నుంచి చెన్నైకి అన్నిటికంటే తక్కువ ధర టికెట్ కొన్నాను. రద్దు చేసుకుంటే పన్నులు తప్ప ఏమీ తిరిగిరాని రకం అది. బోర్డింగ్ పాసు వెంటనే చేతికొచ్చింది.

ఈ చిక్కు విహారయాత్రలు చేసేవారికే పరిమితం కాదు. మా వైపు నుంచి కువైట్ పోయేవారు ఎక్కువ. పదో తరగతి పాసు కాక పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఉద్యోగానికి పోతే వలస అనుమతి తీసుకోవాలనే) ముద్ర పడిన వారు ఉద్యోగానికి కాక, చెల్లెలి కానుపుకో చూడడానికో కువైట్ లాంటి దేశానికి పోవాలంటే వీసాతో పాటు తిరుగు టికెట్ చూపాలని మన దేశమే 2007లో నిబంధన పెట్టింది. ఉద్యోగ వీసా మీదనో, చదువుకో పోయేవారి సంగతి వేరు. వారు పోయే టికెట్ ఒక్కదానితో వెళ్ళడం మామూలే.

కౌలాలంపూర్‌లో అధికారి నా ముఖం చూసి, వేలిముద్రలు తీసుకుని పంపేశాడు. టికెట్ మాట ఎత్తలేదు. వారం తరువాత పాడాంగ్ బెసార్‌కు రైలెక్కే ముందు రాత్రి, బుద్ధి తెచ్చుకుని బ్యాంకాక్ నుంచి చెన్నైకి మరో టికెట్ కొన్నాను. ఆ స్టేషన్‌లో మలేషియా, థాయిలాండ్ కౌంటర్లు రెండూ ఒకే చోట ఉంటాయి. థాయి అధికారిణి పాస్‌పోర్టు తిరగేసి, ఎక్కడి నుంచి తిరిగి వెళతారని అడిగింది. ఫోన్‌లో బ్యాంకాక్ టికెట్ చూపించాను. ముద్ర వేసింది. చెన్నైలో కొన్న ఆ మొదటి టికెట్ రోజు దాటిపోయింది. దాని మీద పన్నుల కింద కొద్ది సొమ్ము నెలన్నర తరువాత ఖాతాలో పడింది.