హయ్యర్ డ్రాయింగ్ పాసయ్యాను, ఆ చెంబు సాక్షిగా

నిన్న సాయంత్రం రిజల్టు చూశాను. పాస్. కడుపుమంట ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

నేను శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర బోర్డులు రాసే గురువుగారి కింద పని నేర్చుకున్నవాణ్ణి. అరసవల్లి రథసప్తమికి గుడ్డ బ్యానర్లు, లారీల వెనక అక్షరాలు, గోడల మీద సిమెంటు ప్రకటనలు. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది. స్కూల్లో బొమ్మలు చెప్పుకోవాలంటే డ్రాయింగులో లోయరు, హయ్యరు పరీక్షలు, ఆపైన టీటీసీ అనే 42 రోజుల వేసవి టీచరు శిక్షణ ఉండాలన్నారు. లోయరు ఇట్టే అయిపోయింది. హయ్యర్లో ఫ్రీహ్యాండూ డిజైనూ నాకో లెక్క కాదు. స్కేలు లేకుండా గోడ మీద ఆరడుగుల గీత లాగిన చెయ్యి ఇది.

చావొచ్చింది నీటిరంగులతోనే. బోర్డులకి వాడే ఎనామిల్ పెయింటులో ముదురు రంగు కింద, తెలుపు పైన. ఆఖర్న తెల్లచుక్క పెడితే బొమ్మ కన్ను మెరుస్తుంది. నీటిరంగుల్లో తెలుపంటే కాగితమే. వెలుగు పడేచోటు మొదటే వదిలేసి, లేత నుంచి ముదురుకి రావాలి. ఇన్నేళ్ళ చేతి అలవాటుని తిరగెయ్యాలన్నమాట.

కోచింగు మాస్టారు ఈ ముక్క చెప్పలేదు. నేను వేసిన ఇత్తడి చెంబు పైకెత్తి చూపించి, "ఇదేటి బాబూ, సెంబా, కిళ్ళీకొట్టు బోర్డా?" అన్నాడు. నా కూతురి వయసు పిల్లలు పకపకా నవ్వారు. తెలుపు పెట్టకూడదంటాడు గానీ, పెట్టకుండా మెరుపెలా తేవాలో చెప్పడు. బ్రష్షులు మాత్రం బామ్మర్ది కొట్లోనే కొనాలి! ఆ కొట్టు జోలికి పోకండి. మొన తిన్నగా నిలబడే ఎనిమిదో నంబరు గుండ్రటి బ్రష్షు ఒక్కటుంటే చాలు.

అయినా తెలుపు పైన పెడితే కళ కాకుండా పోతుందా? సీతంపేట వైపు సవర గిరిజనుల ఇళ్ళకి వెళ్ళి చూడండి. ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో మనుషులూ జంతువులూ తెల్లగా నడుస్తుంటాయి. వాళ్ళనీ కిళ్ళీకొట్టు బోర్డంటాడా ఆయన?

క్లాసు మానేశాను. పొద్దున్నే కిటికీ దగ్గర మా ఇంటి చెంబు పెట్టుకుని, పక్కన చిత్రకారుడు వపా (వడ్డాది పాపయ్య) వేసిన పాత చందమామ ముఖచిత్రం ఆనించుకుని కూర్చునేవాణ్ణి. ఆయన 1921లో పుట్టింది మా శ్రీకాకుళంలోనే. రంగు ఎక్కడ వేశాడన్నది కాదు, ఎక్కడ ఆపాడన్నది చూసేవాణ్ణి. చెంబు మెడ కింద నెలవంకంత మెరుపు, దాని అంచున పసుపు, ఆ తర్వాతే గోధుమరంగు. అది చేతికొచ్చేసరికి మా ఆవిడకి ఆ చెంబంటేనే విసుగొచ్చింది.

పరీక్షలోనూ చెంబే పెట్టారు! ఇచ్చిన షీటు పల్చన, తడి తగలగానే ఉబ్బింది. నెత్తిమీద ఫ్యాను, రంగు పరుచుకునేలోపే ఆరిపోయి అంచులు కడుతోంది. నీళ్ళు మార్చుకుంటానంటే ఇన్విజిలేటరు "రంగులేసుకోడానికి ఇన్ని సోకులేటి" అన్నాడు. మురికినీళ్ళతోనే ముదురు భాగాలు కానిచ్చి, తాగడానికి తెచ్చుకున్న సీసా నీళ్ళు లేతరంగులకి వాడాను. మీరు మాత్రం ఖరీదైన 300 జీఎస్ఎం మందపాటి కాగితం మీదే సాధన చేసి వెళ్ళకండి. పల్చటి షీటు మీద, ఫ్యాను కిందే కూర్చుని వెయ్యండి. నీళ్ళకి రెండు డబ్బాలు పట్టుకెళ్ళండి.

నాకిష్టమైంది మాత్రం ఇప్పటికీ ఎనామిలే. మాస్టారికి స్వీటు పాకెట్ పంపమంటోంది మా ఆవిడ. పంపను. టీటీసీకి దరఖాస్తు పెట్టాలి, ముందు ఆ పని చూస్తాను.