హరే కృష్ణ కొండ, కాడు మల్లేశ్వరుడు

బెంగళూరు ఇస్కాన్ గుడికి వెళ్లాలంటే శాండల్ సోప్ ఫ్యాక్టరీ మెట్రో స్టేషన్‌లో దిగితే చాలు. రాజమండ్రి నుంచి వెళ్లిన నేనూ, మల్లేశ్వరంలో ఉంటున్న మా పిన్నీ పొద్దున్నే బయల్దేరాం. 1997లో అప్పటి రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ ఈ గుడిని ప్రారంభించారు. లోపలికి వెళ్లే దారిలో 108 రాతి మెట్లున్నాయి. ఒక్కో దాని మీద ఆగి, హరే కృష్ణ మహామంత్రం పూర్తిగా ఒకసారి చెప్పుకుని, తర్వాతి దాని మీద అడుగు పెట్టాలి. మోకాళ్ల నొప్పులున్నా పిన్ని ఒక్కటీ వదల్లేదు.

ముందు ప్రహ్లాద నరసింహుడు, తర్వాత శ్రీనివాస గోవిందుడు. వెంకన్నను చూడగానే పిన్ని గొంతెత్తి "గోవిందా!" అంది. ఆ తర్వాతే పెద్ద హాలు, అందులో రాధాకృష్ణచంద్రులు, కృష్ణబలరాములు, నితాయ్ గౌరాంగులు, అంటే నిత్యానందుడూ చైతన్య మహాప్రభువూ. బెంగాల్ చైతన్య మహాప్రభువు బాటలో నడిచే సంప్రదాయం మన నేలకొచ్చి, మన నరసింహుణ్ణీ వెంకన్ననూ గుమ్మంలోనే నిలుపుకుంది. నాకది ఎంతో నచ్చింది.

పుస్తకాల దగ్గర అనంతపురం కుర్రాడొకడు "మాతాజీ, తెలుగు గీత కూడా ఉంది, చూడండి" అని పలకరించాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట, రోజూ పదహారు మాలల జపం చేస్తాడట. పిన్ని సూటిగా అడిగేసింది.

"అంతా బాగుంది గానీ, శివుడేడీ బాబూ?"

"శివుడు వైష్ణవుల్లో శ్రేష్ఠుడని భాగవతమే చెప్పింది మాతాజీ. ఆయనంటే మాకు చాలా గౌరవం. ఆరాధన మాత్రం కృష్ణుడికే. అసలు ఇది హిందూ మతమని కూడా మా స్థాపకులు ప్రభుపాదులవారు అనలేదు. ఇది ఆత్మ ధర్మం."

పిన్ని ముఖం చిన్నబోయింది. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి దీపం పెట్టే ఇల్లు మాది.

ఇది హిందూ మతం కాదన్న మాట ప్రభుపాదులు ఎందుకన్నారో నాకు అర్థమవుతుంది. ఆయన 1965లో, 69 ఏళ్ల వయసులో సరుకుల ఓడెక్కి అమెరికా వెళ్లారు. మరుసటేడు న్యూయార్క్‌లో ఇస్కాన్ స్థాపించారు. హిందువు అంటే పుట్టుకతో అయ్యేవాడు అనుకునే చోట, అక్కడి కుర్రాళ్లకు తలుపు తెరవాలంటే ఆ పేరు పక్కన పెట్టక తప్పదు. అయినా 1977లో అక్కడ కేసు నడిచినప్పుడు, భారతదేశంలో వేళ్లున్న నిజమైన మతంగానే కోర్టు దీన్ని గుర్తించింది. పేరు వద్దన్నా వేళ్లెక్కడికి పోతాయి? వీళ్ల గురుపరంపరలో ఈ కర్ణాటక నేల మీద పుట్టిన మధ్వాచార్యులున్నారు. చైతన్యులు దక్షిణ యాత్రలో మా గోదావరి ఒడ్డునే రామానంద రాయల్ని కలిశారు. ఒడిశా రాజు గజపతి ప్రతాపరుద్రుడి కింద ఆ ప్రాంతాన్ని ఏలిన అధికారి ఆయన. రాధాకృష్ణుల ప్రేమ గురించి వాళ్లిద్దరి మధ్య జరిగిన సంభాషణ చైతన్యుల బాటలో నడిచే గౌడీయులకు ప్రాణం.

అందుకే 'హిందువులం కాదు' అన్న మాట పట్టుకుని వీళ్లను పరాయివాళ్లుగా చూడటం నాకు ఇష్టం లేదు. శివుణ్ణి భక్తుడిగా మాత్రమే చూడమంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, నేనూ ఒప్పుకోను. ఈ తేడా నిజమైనదే. దాన్ని దాచి 'అన్నీ ఒకటే' అనేస్తే ఆ కుర్రాడి నిష్ఠకూ పిన్ని భక్తికీ ఇద్దరికీ అన్యాయమే.

తిరిగొస్తూ పిన్ని పట్టుబట్టి కాడు మల్లేశ్వర గుడికి తీసుకెళ్లింది. శివాజీ తమ్ముడు వెంకోజీ కట్టించాడని చెబుతారు. ఎదురుగా నంది తీర్థం. మట్టిలో కప్పబడిపోయిన దాన్ని తవ్వి తీసింది కూడా 1997లోనే. నంది నోట్లోంచి పడే నీళ్లు కింద లింగానికి అభిషేకమవుతుంటే, "మన శ్రీశైలం మల్లన్నే" అని పిన్ని అక్కడే కూర్చుంది. కాసేపయ్యాక, "చైతన్యులు ఆ రామానంద రాయల్ని మనవైపు ఎక్కడ కలిశార్రా?" అని అడిగింది. కొవ్వూరు అని చెప్పాను, అక్కడ గౌడీయ మఠం ఉందని కూడా. పండక్కి రాజమండ్రి వచ్చినప్పుడు వంతెన దాటి వెళ్లొద్దామంది. కోటిలింగాల రేవు కూడా చూపించాలట.