బెల్లం డైరీ: అన్నీ దారికొచ్చాయి, లిఫ్టు తప్ప

లిఫ్టుతో విసిగిపోయాను. మిగతావన్నీ ఒక్క ముక్కలో చెప్పేస్తా: కుక్కర్ విజిల్ వేస్తే మా కుక్క బెల్లం ఇప్పుడు చెవి మాత్రమే కదుపుతోంది, పాప హోంవర్క్ చేసుకుంటుంటే కాళ్ల దగ్గర పడుకుంటోంది, మా విశాఖలోని నేవీ ఎయిర్ స్టేషన్ ఐఎన్‌ఎస్ డేగా నుంచి లేచిన హెలికాప్టర్ మిద్దె మీదుగా గర్జిస్తూ వెళ్లినా తలెత్తి చూడదు. అలాంటిది మా నాలుగో అంతస్తు వరండాలో లిఫ్టు కదిలిందంటే చాలు, గ్రానైట్ మీద కాళ్లు జారుతున్నా ఆగకుండా పరిగెత్తి షూ ర్యాక్ వెనక దూరుతుంది. ఇక ఉడికించిన లివర్ కాదు కదా, అమృతం పెట్టినా ముట్టదు.

దాన్ని లిఫ్టు ఎక్కించాలన్న సరదా నాకేం లేదు. మేం మెట్లే దిగుతాం. కానీ ఎంవీపీ కాలనీలో చాలా అపార్ట్‌మెంట్లలాగే మాకూ మెట్లకు దారి లిఫ్టు తలుపు ముందు నుంచే.

టేపు పెట్టి కొలిచాను. మా గుమ్మం నుంచి లిఫ్టు తలుపుకి 14 అడుగులు. అడుగడుక్కీ చాక్‌పీసుతో గీత గీశాను (ఎదురింటి ఆంటీ ముగ్గేమో అనుకున్నారు). లిఫ్టుకి 11 అడుగుల దూరంలో ఉంటే మామూలుగా తింటుంది. 9 దగ్గర తింటుంది కానీ వేళ్లకు పళ్లు తగిలేలా లాక్కుంటుంది. 8 దగ్గర ముక్కు నాక్కోవడం, ఆవలింతలు, కళ్ల పక్కన తెల్లగుడ్డు కనిపించడం మొదలై, తిండి పూర్తిగా బంద్. ఇదంతా లిఫ్టు ఆగి ఉన్నప్పటి లెక్క. కదిలితే ఏ గీతా పనికిరాదు.

విచిత్రం ఏంటంటే, కింద స్టిల్ట్ పార్కింగ్‌లో అదే లిఫ్టుకి 3 అడుగుల దూరంలో కూచుని నెత్తళ్ళు (చిన్న ఎండుచేపలు) నములుతుంది. పైనుంచి లిఫ్టు దిగొచ్చి తలుపు తెరుచుకున్నా చెక్కు చెదరదు.

మొదటి అనుమానం తలుపు మీద. కరెంట్ పోయినప్పుడు దాని ముందు నుంచే దర్జాగా నడిచింది, కాబట్టి తలుపు కాదు. తర్వాత ఆ ‘ప్లీజ్ క్లోజ్ ద డోర్’ గోల. దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి హాల్లో తక్కువ సౌండుతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోయా. ఏమీ లేదు. ఫోన్ స్పీకర్‌లో బేస్ ఉండదు కదా అని బ్లూటూత్ స్పీకర్‌ని నేల మీద పెట్టి చూశా, చెవులు తిప్పి మళ్లీ పడుకుంది. లోపలి నుంచి మనుషులు దిగుతారని భయమా? వాచ్‌మన్‌తో ఖాళీ లిఫ్టు పైకి పంపించా. అదే పరుగు.

చివరికి దొరికింది వీడియోలో. స్లో మోషన్‌లో చూస్తే లిఫ్టు బాణం గుర్తు వెలగకముందే బెల్లం చెవులు వెనక్కి వాలిపోతున్నాయి. సౌండు పెంచి వింటే, సరిగ్గా ఆ క్షణంలో పైనుంచి ‘టక్’. మా ఫ్లాట్ పైన టెర్రస్, దాని మీద లిఫ్టు మెషిన్ రూమ్. మోటారు తిరగాలంటే ముందు బ్రేకు విడవాలి, ఆ చప్పుడు అదేనని మెకానిక్ చెప్పాడు. మనకి వినపడీ వినపడనట్టుంటుంది గానీ స్లాబులోంచి సూటిగా మా వరండాకే దిగుతుంది, పార్కింగ్ దాకా చేరదు. కింద ఎందుకంత ధీమాగా ఉంటుందో అప్పుడు అర్థమైంది. తలుపు తెరుచుకున్నాక వేసిన ముక్క ఎందుకు పనిచేయలేదో కూడా. అప్పటికే దాని ప్రాణం మీదికి వచ్చేసి ఉంటుంది.

ఇప్పుడు వరస మారింది: టక్, ఆ వెంటనే నెత్తళ్ళు. తిండి ముందు, చప్పుడు తర్వాత అయితే మొత్తం తిరగబడుతుంది. తిండి కనిపిస్తేనే భయం వస్తుందని నేర్చుకుంటుంది. ఇంటి తలుపు వేసి ఉంచి హాల్లో ఉంటే ‘టక్’ వినగానే నా చేతి వైపు చూస్తోంది. అదే ఇంటి తలుపు తెరిస్తే మళ్లీ మొదటికే. పాదాలకి అదురు కూడా తగులుతోందేమో అని యోగా మ్యాట్ పరిచి చూశా, తినే దూరం 9 నుంచి 8కి తగ్గింది. మ్యాట్ అదురు ఆపిందా, కాళ్లు జారకపోవడం వల్ల ధైర్యం వచ్చిందా? రెండోదే అనిపిస్తోంది. ఈ వారం మ్యాట్ కింద పాత బొంత వేసి చూస్తా.

‘ఎత్తుకుని లిఫ్టులో నాలుగుసార్లు తిప్పమ్మా, అదే అలవాటవుతుంది’ అని రెండో అంతస్తు అంకుల్ సలహా. బిగుసుకుపోయిన కుక్క పైకి నెమ్మదిగా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల ఏం నేర్చుకుంటుందో దానికే తెలుసు. అలా ఒకసారి బెదిరాక మర్నాడు సాధన పూర్తిగా మానేయాలి. అడాప్టిల్ డిఫ్యూజర్ (ప్లగ్‌కి పెడితే కుక్కల్ని శాంతపరిచే ఫెరోమోన్‌ని గదిలోకి వదిలే పరికరం) గురించి చాలామంది అడుగుతున్నారు. 50 నుంచి 70 చదరపు మీటర్లకు సరిపోతుందంటారు గానీ, సముద్రపు గాలికి కిటికీలన్నీ తెరిచి పెట్టుకునే మా ఇంట్లో ఆ డబ్బు గాలికి వదిలేసినట్టే. దానికన్నా ఉప్పు వేయకుండా ఎండబెట్టిన నెత్తళ్ళు నయం. చిన్నగా ఉంటాయి, వాసన గట్టిగా కొడతాయి. ఉప్పు చేప మాత్రం పెట్టకండి. హార్నెస్‌కి కడుపు దగ్గర మూడో పట్టీ బ్యాగులు కుట్టే అతనితో వేయించా, ఇక వెనక్కి లాక్కుని జారిపోవడం లేదు.

చప్పుడు ఎప్పుడొస్తుందో నా చేతిలో ఉండటం లేదు, అదే అసలు ఇబ్బంది. మధ్యాహ్నం రెండున్నరకి లిఫ్టు ఖాళీగా ఉంటుంది. నేను మిస్డ్ కాల్ ఇస్తే మూడో అంతస్తులో బటన్ నొక్కడానికి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు, బదులుగా టీ. మోటారు కింద రబ్బరు ప్యాడ్లు అరిగాయేమో చూడమని అసోసియేషన్ వాట్సాప్‌లో పెట్టాను, ఇంకా ఎవరూ పలకలేదు. దీపావళిలోపు పశువుల డాక్టర్‌ని కలిసి మందుల సంగతి తేల్చుకోవాలి, ఆ మోత ముందు ఈ టక్ ఏపాటిది. వరండా దాటగలిగితే మొదట లాసన్స్ బే వైపే, జనం రాకముందు పొద్దున్నే, 10 మీటర్ల తాడుతో. నెత్తళ్ళు అయిపోవచ్చాయి, శుక్రవారం ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి తెచ్చుకోవాలి.