లాంగ్ ఎక్స్‌పోజర్‌కి కలర్ నెగటివ్: మీటర్ చెప్పిన టైమ్ చాలదు

వెలుగు మరీ తక్కువై షటర్‌ని సెకన్ల తరబడి తెరిచి ఉంచాల్సి వస్తే (అదే లాంగ్ ఎక్స్‌పోజర్) ఫిల్మ్ మందగిస్తుంది, అంటే లైట్ మీటర్ చెప్పిన టైమ్ ఇచ్చినా ఫోటో చీకటిగా వస్తుంది. దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. కొడాక్ పోర్ట్రా 400 అనే కలర్ నెగటివ్ ఫిల్మ్‌కి 1 సెకను వరకు సవరణ అక్కర్లేదని కంపెనీ డేటాషీట్ చెబుతుంది. ఆ పైన మన లెక్కే.

మొదలుపెట్టడానికి ఒక సూత్రం: మీటర్ చూపిన సెకన్లను 1.3 ఘాతానికి పెంచండి. 10 సెకన్లు 20 అవుతాయి, 30 అయితే దాదాపు 83, 60 అయితే 205. ఫిల్మ్‌ని బట్టి ఘాతం మారుతుంది కాబట్టి మొదటి రోల్‌లో ఒకే దృశ్యాన్ని ఈ టైమ్‌తోనూ, దానికి రెట్టింపుతోనూ తీసి పోల్చుకోండి. సందేహం వస్తే ఎక్కువే ఇవ్వండి. కలర్ నెగటివ్ ఒకటి రెండు స్టాప్‌ల ఓవర్‌ని (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) హాయిగా తట్టుకుంటుంది. అండర్ అయితే, అంటే వెలుగు చాలకపోతే, నీడలు బురదగా, గ్రెయిన్‌తో (గరుకు చుక్కలతో) వస్తాయి. పుష్ ప్రాసెస్ (ల్యాబ్‌లో ఫిల్మ్‌ని ఎక్కువసేపు డెవలప్ చేయడం) చేయిస్తే కాంట్రాస్ట్ పెరుగుతుందే తప్ప నెగటివ్‌లో పడని వివరం తిరిగి రాదు.

రంగుల సంగతే అసలు చిక్కు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం పొరలు ఒకే తీరున మందగించవు. నీడల్లో ఒక ఛాయ, వెలుగుల్లో మరొకటి తేలితే మొత్తం బ్యాలెన్స్ మార్చినా కుదరదు. స్కాన్‌లో ఒక్కో రంగు ఛానెల్ కర్వ్‌ని (ఆ రంగు నీడల్లో, వెలుగుల్లో ఎంతుండాలో మార్చే గీతని) విడిగా సరిచేయాలి.

లెన్స్‌కి 10 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుగుని తగ్గించే ముదురు గాజు) పెడితే 1/15 సెకను దాదాపు 68 సెకన్లవుతుంది. సవరణ ఆ 68కి చేయాలి, 1/15కి కాదు. చాలామంది తప్పేది ఇక్కడే.

అంతసేపు కెమెరాని తాకకుండా షటర్‌ని తెరిచి ఉంచడానికి లాక్ ఉన్న కేబుల్ రిలీజ్ (షటర్ నొక్కే తీగ) తప్పనిసరి.