దుక్కికి పాత ట్రాక్టర్ కొనేవాళ్లు ముందు వెనక్కి వెళ్లి చూడాలి

పాత ట్రాక్టర్ బేరానికి వెళ్లగానే చాలామంది చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఇంజిన్ చూడటం. ట్రాలీ కట్టి కిరాయికి తిప్పేవాళ్లకు అది సరే. దుక్కి కోసం కొనేవాళ్లు మాత్రం ముందు వెనక్కి వెళ్లాలి. లిఫ్టు (పనిముట్టును ఎత్తి దించే హైడ్రాలిక్ చేతులు), గేరుబాక్సు, యాక్సిల్ హౌసింగులు, బ్రేకులు అన్నీ అక్కడే ఉన్నాయి. ఇంజిన్‌కు లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చే పని ఏ మండల కేంద్రంలోనైనా అయిపోతుంది, ఎంతవుతుందో మేస్త్రీ ముందే లెక్క కట్టి చెప్పగలడు. వెనక భాగం అలా కాదు. విప్పితే గానీ లోపల ఏముందో తెలియదు. క్లచ్ ప్లేటు ఒక్కటి మార్చాలన్నా ట్రాక్టర్‌ను నడుం దగ్గర రెండుగా విడదీయాలి.

అంతకంటే ముందు తేలాల్సింది ఎన్ని హార్స్ పవర్ కావాలన్నది. దీన్ని ఎకరాలను బట్టి కాదు, నేలను బట్టి, లాగాల్సిన పనిముట్టును బట్టి లెక్క కట్టాలి. రెండు రెక్కల నాగలితో లోతు దుక్కి అనుకుందాం. ఒక్కో రెక్క 30 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు కోస్తే 600 చదరపు సెంటీమీటర్ల మట్టి. గట్టి నల్లరేగడిలో చదరపు సెంటీమీటరుకు సుమారు 0.7 కిలోల లాగుడు పడుతుంది. అంటే రెక్కకు 420 కిలోలు, రెండింటికీ 840. గంటకు 4 కిలోమీటర్ల వేగంతో ఆ బరువు లాగాలంటే 840ని 4తో గుణించి 270తో భాగించాలి. సుమారు 12.5 హెచ్.పి. వస్తుంది. ఇది నాగలి దగ్గర కావాల్సిన బలం. పొలంలో ఇంజిన్ బలంలో సగమే నాగలి దాకా చేరుతుందనుకోండి, అప్పుడు ఇంజిన్ 25 పెట్టాలి. ఎండాకాలం బీటలు వారిన నేల, పాత ఇంజిన్‌లో తగ్గిన బలం కూడా కలిపితే 35 నుంచి 40 మధ్య బండి కావాలి. ఎర్ర చెల్క నేలలో లాగుడు ఇందులో సగం కూడా ఉండదు. అక్కడ ఐదు కొర్రుల గొర్రు, చిన్న గుంటక లాగడానికి 25 హెచ్.పి. బండి చాలు. తొమ్మిది కొర్రుల గొర్రుకు, ఐదడుగుల రోటవేటర్‌కు మాత్రం ఏ నేలైనా 35కి తగ్గకూడదు. 25 బండికి తొమ్మిది కొర్రులు కట్టి క్లచ్ కాల్చుకోవడం కంటే ఆ దుక్కి కిరాయికి చేయించుకోవడమే మేలు.

ఈ తరగతిలో మన ఊళ్లలో దొరికే పాతవి చాలామటుకు మహీంద్రా 275 డీఐ, మాసీ ఫెర్గూసన్ 1035 డీఐ, స్వరాజ్ 735. చిన్నవాటిలో ఐషర్ 242, స్వరాజ్ 724. కంపెనీ పేరు కంటే విడిభాగాలు ఎంత దగ్గరలో దొరుకుతాయన్నదే చూడండి. ఐషర్ ట్రాక్టర్లు 2005లో టాఫే చేతికి, స్వరాజ్ 2007లో మహీంద్రా చేతికి వెళ్లినా రెండూ ఇప్పటికీ తయారవుతున్నాయి కాబట్టి సామాను దొరుకుతుంది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయడానికి కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. ఆ బండి ఎంత గట్టిదైనా, ఎంత చవకగా వస్తున్నా, మీ దగ్గరి పట్నంలో దాని గేర్లు, సీళ్లు అమ్మే షాపు ఉందో లేదో కనుక్కున్నాకే బేరమాడండి.

ఇక లిఫ్టు. అమ్మేవాళ్లు పనిముట్టు తగిలించకుండా లిఫ్టు చేతులు పైకీ కిందికీ ఆడించి చూపిస్తారు. దానితో ఏమీ తెలియదు. తొమ్మిది కొర్రుల గొర్రు తగిలించమనండి. బండిని అరగంటైనా పని చేయించి, ఆయిల్ వేడెక్కాక ఎత్తించండి. చల్లటి ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన పంపు కూడా ఎత్తేస్తుంది. వేడెక్కి పలచబడితే పంపు లోపలి సందుల్లోంచి వెనక్కి కారిపోయి లిఫ్టు మొరాయిస్తుంది. పొద్దున్నే ఎత్తి మధ్యాహ్నం ఎత్తని లిఫ్టులన్నీ ఈ బాపతువే.

గొర్రు పూర్తిగా లేచాక ఇంజిన్ ఆపి, కొర్రు మొన నుంచి నేలకు టేపుతో కొలిచి రాసుకోండి. పది నిమిషాలకు మళ్లీ కొలవండి. రెండు మూడు అంగుళాలు దిగితే పాత బండికి సహజమే. రెండు నిమిషాలకే నేలకు ఆనిందంటే సిలిండర్‌లో పిస్టన్ రింగో, కంట్రోల్ వాల్వో పోయినట్టు. ఇంజిన్ నడుస్తుండగా ఎత్తి ఉంచిన గొర్రు కొన్ని సెకన్లకోసారి ఉలిక్కిపడ్డట్టు కాస్త దిగి మళ్లీ లేస్తోందా? అదీ ఆ జబ్బే. కారిపోయినంత ఆయిల్‌ను పంపు మళ్లీ నింపుతోందన్నమాట.

దుక్కికి అసలు ప్రాణం డ్రాఫ్ట్ కంట్రోల్. నాగలి గట్టి నేల తాకినప్పుడు పైలింకు (నాగలి పైభాగాన్ని ట్రాక్టర్‌కు కలిపే కడ్డీ) ముందుకు తోసుకొచ్చి, దాని వెనకున్న పెద్ద స్ప్రింగును నొక్కుతుంది. ఆ కదలిక వాల్వుకు చేరి నాగలిని కొద్దిగా ఎత్తుతుంది. బరువు వెనక చక్రాల మీద పడి పట్టు పెరుగుతుంది, ఇంజిన్ ఆగిపోకుండా ముందుకు సాగుతుంది. చాలా పాత బండ్లలో ఈ స్ప్రింగు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, లేదా వదులై లొడలొడలాడుతుంది. పైలింకు విప్పేసి, అది తగిలే ముక్కను చేత్తో ముందుకూ వెనక్కీ లాగి చూడండి. వదులుగా ఆడకూడదు. తర్వాత పొలంలో డ్రాఫ్ట్ లీవర్‌తో ఆరంగుళాల లోతుకు దించి దున్నిస్తూ పక్కనే నడవండి. గట్టి జాగా వచ్చినప్పుడు లిఫ్టు చేతులు తమంతట తామే కాస్త లేచి మళ్లీ దిగాలి. అస్సలు కదలకపోతే ఆ కంట్రోల్ పనిచేయనట్టే.

కుడివైపు లిఫ్టు రాడ్ మీద ఒక పిడి ఉంటుంది. రెక్క నాగలితో దున్నేటప్పుడు కుడి చక్రం చాల్లో దిగి నడుస్తుంది కాబట్టి నాగలి మట్టం సరిచేసేది ఆ పిడే. తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే చాళ్లు ఒకటి లోతు, ఒకటి మెరక వస్తాయి.

మాగాణి ప్రాంతం నుంచి వచ్చిన బండి అయితే ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. కేజ్‌వీల్స్ (బురదలో నడిచే ఇనుప చక్రాలు) వేసి ఏళ్ల తరబడి దమ్ము చేసిన బండిలో బురద నీళ్లు వెనక యాక్సిల్ సీళ్లను తినేసి లోపలికి దిగుతాయి. రాత్రంతా ఆగి ఉన్న బండికి, స్టార్ట్ చేయకముందే, గేరుబాక్సు కింది బిరడా కొద్దిగా వదులు చేయించండి. ఆయిల్ కంటే నీళ్లు బరువు కాబట్టి ఉంటే ముందు అవే వస్తాయి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా వచ్చినా అంతే. మాసీ పాత మోడళ్లలో హైడ్రాలిక్ పంపు కూడా ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, నీళ్లు చేరితే గేర్లతో పాటు పంపూ పోతుంది. వెనక చక్రం రిమ్ము లోపలివైపు వేలు పెట్టి రుద్ది చూడండి, సీలు కారుతుంటే దుమ్ముతో కలిసిన జిడ్డు అంటుతుంది. అదే ఆయిల్ డ్రమ్ములోకి చేరితే బ్రేకు పట్టదు. చిన్న మడుల్లో గట్టు దగ్గర తిరగాలంటే కుడి, ఎడమ బ్రేకులు విడివిడిగా పట్టాలి. రెండు పెడళ్ల మధ్య కొక్కెం తీసేసి ఒక్కొక్కటే తొక్కి చూడండి.

క్లచ్ పరీక్షకు పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, కొద్దిగా ఆక్సిలరేటర్ ఇచ్చి క్లచ్ మెల్లగా వదలండి. ఇంజిన్ ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతోంది. రోటవేటర్ కట్టే ఉద్దేశం ఉంటే క్లచ్ సింగిలా, డబులా అడగండి. సింగిల్ అయితే క్లచ్ నొక్కగానే రోటవేటర్ కూడా ఆగిపోతుంది. దున్నేటప్పుడు గేరు దానంతటదే జారిపోతే లోపల పళ్లు అరిగినట్టు, దాన్ని లీవర్ లోపమని సర్దిచెబితే ఒప్పుకోకండి. బెల్ హౌసింగు (క్లచ్ చుట్టూ ఉండే ఇనుప గూడు) మీద, యాక్సిల్ హౌసింగుల మీద, ముందు యాక్సిల్ పట్టే బ్రాకెట్ మీద వెల్డింగ్ గీతలు వెతకండి. కొత్త పెయింటు కొట్టిన బండి అయితే ఈ వెతుకులాట రెట్టింపు ఓపికగా చేయాలి.

ఇంజిన్‌కు ఒక్క షరతు పెట్టండి: మీరు వెళ్లేసరికి చల్లగా ఉండాలి. చెయ్యి వేస్తే వెచ్చగా తగిలిందంటే ముందే స్టార్ట్ చేసి ఉంచారు. ఇంకో పూట వెళ్లండి. స్టార్ట్ అయ్యాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ పోసే మూత తీస్తే పొగ ఎగదన్నితే రింగులు అరిగాయి. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్ అనుమానించాలి. గంట దున్నాక ఇంజిన్ స్లోలో ఉన్నప్పుడు ఆయిల్ గేజ్ ముల్లు అడుగంటితే బేరింగుల పని ఉంది. ఇవన్నీ బాగయ్యే జబ్బులే. మేస్త్రీ చేత లెక్క వేయించి, ధరలో తగ్గించమని అడగండి.

టైర్ల సంగతి చాలామంది చివర్లో తలుచుకుంటారు. వెనక 13.6-28 సైజు కొత్త జత 40 వేలకు అటూ ఇటూ. గుబ్బలు అరిగిన టైరు దుక్కిలో జారుతుంది. ఎంత జారుతోందో కొలవొచ్చు. టైరు మీద సుద్దతో గీత పెట్టి, ఉత్త బండి పది చుట్లకు ఎంత దూరం పోయిందో అడుగులు వేయండి. ఈ సైజుకు సుమారు 40 మీటర్లు వస్తుంది. తర్వాత నాగలి దించి పది చుట్లు. 35 మీటర్లు వస్తే నూటికి 12 పైచిలుకు జారింది, ఫర్వాలేదు. 30కి పడిపోతే డీజిల్లో పావు వంతు మట్టి చిమ్మడానికే పోతోంది.

కాగితాల్లో ఆర్.సి. మీద బ్యాంకు పేరుందో లేదో చూడండి. ఉంటే అప్పు తీరిందని చెప్పే బ్యాంకు ఎన్.ఓ.సి., ఆర్.సి. నుంచి బ్యాంకు పేరు తీయించే ఫారం 35 లేకుండా డబ్బు పూర్తిగా ఇవ్వొద్దు. బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే అక్కడి ఆర్.టి.ఓ. అభ్యంతరం లేదని ఇచ్చే ఫారం 28 కూడా. వ్యవసాయ ట్రాక్టర్ రిజిస్ట్రేషన్ మొదట 15 ఏళ్లు, తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. అది దాటిపోయి ఉంటే ఆ ఖర్చూ ధరలో తీసేయాలి. ఛాసిస్ నంబరు ఆర్.సి.లో చదివి వదిలేయకండి. బండి మీద తుడిచి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది సరిపోల్చండి.

ఇంటికి తెచ్చాక మొదటి దుక్కికి ముందే ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, ఫిల్టర్లు అన్నీ మార్చేయండి. గేర్ ఆయిల్ దించేటప్పుడు పాత పంచె గుడ్డలో వడకట్టండి. సన్నటి బూడిద రంగు నుసి ఉంటే మామూలు అరుగుదల. ఇత్తడి రంగు నలుసులు మెరిస్తే బుష్‌లు అరుగుతున్నాయి, వచ్చే సీజన్‌కు డబ్బు పక్కన పెట్టుకోండి. గోరంత ఉక్కు ముక్క వచ్చిందంటే మాత్రం కొత్త ఆయిల్ పోయకండి, పైమూత విప్పించి ఏ పన్ను విరిగిందో ముందు చూడండి.